భగ్గుమనకుండా వెలగాలి

పొద్దున్నే కాఫీ పెట్టుకుందామని స్టవ్ దగ్గరికి వెళ్తాం. నాబ్ తిప్పి లైటర్ నొక్కుతాం. టక్కుమంటుంది, వెలగదు. ఇంకోసారి నొక్కుతాం. వెలగదు. మూడోసారికి భగ్గుమని మంట పైకి లేస్తుంది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటాం. ముంజేతి మీద వెంట్రుకలు కమిలిన వాసన. గ్యాసు అదే, బర్నరు అదే, లైటరూ అదే. నిన్న నీలంగా, బుద్ధిగా వెలిగిన పొయ్యి ఇవాళ ఎందుకు మీదికొచ్చింది? రవ్వ పడటం మూడు సెకన్లు ఆలస్యమైంది, అంతే. ఆ మూడు సెకన్లలో కమ్ముకున్న గ్యాసంతా ఒక్కసారే అంటుకుంది.

మా అమ్మకి లైటర్ల మీద నమ్మకం ఉండేది కాదు. అగ్గిపుల్ల గీసి, బర్నరు పక్కన పట్టుకుని, అప్పుడు నాబ్ తిప్పేది. ముందు నిప్పు, తర్వాత గ్యాసు. ఆవిడ చదివింది ఐదో తరగతి. రాకెట్ ఇంజన్లు తయారుచేసేవాళ్లు కోట్లు పోసి, ఇంజన్లు పేల్చుకుని నేర్చుకున్న మొదటి పాఠం మాత్రం సరిగ్గా ఇదే.

నేను సూళ్లూరుపేట దగ్గర ఉంటాను. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. పులికాట్ సరస్సుకి అవతల, శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే మా వీధి వీధంతా మేడల మీదే ఉంటుంది. ముందు వెలుగు కనిపిస్తుంది. కాసేపటికి గాని మోత రాదు. వచ్చినప్పుడు మాత్రం కిటికీ తలుపులు గడగడలాడతాయి. అలాంటి ఒక సాయంత్రం ఎదురింటి పిల్లాడు నా చొక్కా పట్టుకుని అడిగాడు: "తాతా, దాని కింద అగ్గిపుల్ల గీసేది ఎవరు?"

నవ్వొచ్చింది గాని, నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్న కాదది. ఈ పూట మీతో చెప్పబోయేదంతా వాడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబే.

దీపావళి తారాజువ్వలో ఉండేది గట్టి మందు. ఒత్తి అంటిస్తే చాలు, ఇక ఆపేవాడు లేడు. ద్రవ ఇంధన రాకెట్ అలా కాదు. అందులో రెండు ట్యాంకులు. ఒకదాంట్లో మండేది, అంటే ఇంధనం. రెండోదాంట్లో మండించేది, అంటే ఆక్సిజన్ గాని, ఆక్సిజన్ ఇచ్చే మరో ద్రవం గాని. ఆకాశం పైన గాలి ఉండదు కాబట్టి మంటకి కావలసిన ఊపిరి కూడా వెంట మోసుకుపోవాలి. ఈ రెండిటినీ పంపులు దహన గదిలోకి తోస్తాయి.

ఇక్కడ ఒక సంగతి. ద్రవం ద్రవంగా మండదు. కిరసనాయిలు దీపం తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మండేది ఒత్తి కొసన లేచే ఆవిరే. రాకెట్‌లో ఆ ఒత్తి పని చేసేది ఇంజెక్టర్. వేల సన్నని రంధ్రాలున్న లోహపు పళ్లెం అనుకోండి. దాని గుండా ద్రవం తుంపరగా చిమ్ముతుంది. తుంపర ఆవిరవ్వాలి, ఆవిరి ఆక్సిజన్‌తో కలవాలి, కలిసినదానికి నిప్పు అందాలి. ఇదంతా సెకనులో వెయ్యో వంతుల లెక్కలో జరిగిపోవాలి. నిప్పు ఆలస్యమైతే దహన గదిలో ఇంధనం, ఆక్సిజన్ కలిసి పేరుకుంటాయి. తర్వాత రవ్వ పడితే అది వెలగడం కాదు, పేలడం. ఇంజనీర్లు దీన్ని హార్డ్ స్టార్ట్ అంటారు. వంటింటి భగ్గుకి పెద్దన్న.

రవ్వ పుట్టించడం కష్టమా అంటే, కాదు. గాలిలో సరైన పాళ్లలో కలిసిన హైడ్రోజన్‌ని అంటించడానికి ఒక జౌల్‌లో యాభై వేలో వంతు శక్తి చాలు. స్వెటర్ విప్పుతున్నప్పుడు చిటపటలాడే రవ్వ దానికి ఎక్కువే. ఆక్సిజన్‌లో అయితే అంత కూడా అక్కర్లేదు. రవ్వ చవక. అది పడే వేళే ఖరీదు.

మొదటివాళ్లు ఎలా వెలిగించారో చూద్దాం. 1926 మార్చి 16న అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం ఆబర్న్‌లో, మంచు పట్టిన పొలంలో రాబర్ట్ గొడార్డ్ ప్రపంచంలోనే మొదటి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేశాడు. పెట్రోలు, ద్రవ ఆక్సిజన్. దాన్ని వెలిగించింది కరెంటు కాదు. హెన్రీ శాక్స్ అనే సహాయకుడు పొడుగాటి కర్రకి బ్లోటార్చ్ కట్టుకుని, దూరంగా నిలబడి ముట్టించాడు. రెండున్నర సెకన్లు ఎగిరింది, 41 అడుగుల ఎత్తుకి వెళ్లింది. అంటే, ఎదురింటి పిల్లాడా, మొట్టమొదటి రాకెట్ కింద నిజంగానే ఒక మనిషి నిప్పు పట్టుకుని నిలబడ్డాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల వీ-2 దగ్గరికి వచ్చేసరికి మన భూచక్రం లాంటి బాణసంచా చక్రాన్ని దహన గదిలో అమర్చి కరెంటుతో అంటించేవారు. అది గిర్రున తిరుగుతూ నిప్పులు చిమ్ముతుంటే, ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ మొదట పంపు లేకుండా మెల్లగా జారేవి. మంట సరిగా పట్టిందని కళ్లతో చూసుకున్నాకే పంపు తిప్పేవారు.

రష్యన్లది నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి. స్పుత్నిక్‌నీ గగారిన్‌నీ మోసిన ఆర్-7 వంశం నుంచి ఇవాళ్టి సోయుజ్ దాకా, మంట బయటికొచ్చే ఇంజన్ నాజిళ్లలోకి కిందినుంచి కర్రలు దూర్చుతారు. నిజం కర్రలే, బర్చ్ చెట్టువి. కర్ర కొసన బాణసంచా ముట్టింపు ఉంటుంది, దానికి అడ్డంగా సన్నని ఇత్తడి తీగ. కరెంటు పంపగానే బాణసంచా అంటుకుంటుంది. ఆ మంటకి తీగ తెగుతుంది. తీగ తెగిందంటే ఆ గదిలో నిప్పు ఉన్నట్టు. ఆర్-7లో పెద్దవి 20, చిన్నవి 12, మొత్తం 32 దహన గదులు. అన్నిటికీ నిప్పు ఉందని తేలాకే కిరసనాయిలు, ఆక్సిజన్ వాల్వులు తెరుచుకుంటాయి. కర్రలు ఆ మంటలోనే కాలి ఊడి పడిపోతాయి. చూడండి, ఇక్కడ కరెంటు చేసే పని రెండు. ఒకటి నిప్పు పెట్టడం. రెండోది నిప్పు పడిందని కబురు చెప్పడం. నన్నడిగితే రెండోదే గొప్పది. కబురు వచ్చేదాకా నాబ్ తిప్పరు. మా అమ్మ పద్ధతే.

మరి మన శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల సంగతేమిటి? పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోనూ, జీఎస్‌ఎల్‌వీ పక్కన స్ట్రాపాన్లనే పేరుతో కట్టి ఉండే నాలుగు రాకెట్లలోనూ వికాస్ ఇంజన్ ఉంటుంది. దానికి రవ్వ లేదు, బాణసంచా లేదు, అగ్గిపుల్ల అసలే లేదు. అందులో ఇంధనం యూహెచ్-25, అంటే హైడ్రజీన్ జాతి మిశ్రమం. రెండోది నైట్రోజన్ టెట్రాక్సైడ్. ఈ రెండూ బద్ధశత్రువులు. ఒకదాన్నొకటి తాకగానే వాటంతటవే మండుతాయి. తాకడానికీ అంటుకోడానికీ మధ్య పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. కాబట్టి పేరుకుని పేలే ప్రమాదం బాగా తక్కువ. వాల్వు తెరవడమే వెలిగించడం. కరెంటు పని వాల్వుతో సరి.

అందుకే దూర ప్రయాణాలకి ఈ జాతి ద్రవాలే దిక్కు. మంగళయాన్ గుర్తుందా? భూమి వదిలాక దాని పెద్ద ఇంజన్ 300 రోజులు నిద్రపోయింది. అంగారకుడి దగ్గర లేస్తుందా లేవదా అన్నదే అందరి బెంగ. 2014 సెప్టెంబరు 22న నాలుగు సెకన్లు వెలిగించి చూశారు. లేచింది. 24న పూర్తిగా వెలిగించి కక్ష్యలోకి చేర్చారు. స్పార్క్ ప్లగ్ ఉంటే దాని గురించి కూడా బెంగపడాల్సి వచ్చేది. ఇక్కడ వాల్వులూ గొట్టాలూ సరిగా ఉంటే చాలు.

చంద్రుడి మీదినుంచి ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ తిరిగి లేచిన ఇంజన్ కూడా ఇలాంటిదే. చిత్రమేమిటంటే, ఆ ఇంజన్‌ని సిద్ధం చేసే కరెంటు బ్రేకర్ బొడిపె లోపల తిరుగుతుండగా ఎవరి వీపుకో తగిలి విరిగిపోయింది. మంటకి ఢోకా లేదు గాని మీటకి వచ్చింది కష్టం. ఆల్డ్రిన్ తన స్కెచ్ పెన్‌తో ఆ బొడిపెని లోపలికి నొక్కాడు.

ఈ ద్రవాలకి చెడ్డ గుణాలూ ఉన్నాయి. రెండూ విషాలే. ఒక్క చుక్క కారినా పని ఆపాలి. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 ప్రయోగానికి గంటా పావు ముందు రెండో దశలో ఇంధనం కారుతోందని తెలిసి ఆపేశారు. మా మేడల మీదికి ఎక్కినవాళ్లందరం ఎక్కినట్టే దిగాం. పైగా బరువుకి తగ్గ బలంలో ఈ ద్రవాలు హైడ్రోజన్‌కి సాటిరావు. పెద్ద ఉపగ్రహాన్ని ఎత్తుకి చేర్చాలంటే ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కావాలి. ఒకటి సున్నాకి 253 డిగ్రీల కింద, ఇంకొకటి 183 డిగ్రీల కింద. ఇవి తాకగానే అంటుకునే రకం కాదు. రవ్వ కావాలి.

ఈ రవ్వ నేరుగా ఇంజన్‌ని వెలిగిస్తుందనుకోకండి. అపోలో రాకెట్ పైదశల్లోని జే-2 ఇంజన్లో ఇంజెక్టర్ మధ్యలో గుప్పెడంత గది. రెండు స్పార్క్ ప్లగ్గులు, ఒకటి తప్పితే ఒకటి పనికొస్తుందని. సన్నగొట్టాల్లోంచి కాస్త హైడ్రోజన్, కాస్త ఆక్సిజన్ అక్కడికి వస్తాయి. రవ్వ పడితే అక్కడో దివిటీ లేస్తుంది. ఆ దివిటీ పెద్ద గదిలోకి దూసుకుపోయి అసలు మంటని లేపుతుంది. తర్వాత వచ్చిన స్పేస్ షటిల్ ఇంజన్లదీ ఇదే వరస. షటిల్ లేచే ముందు కింద కాకరపువ్వొత్తుల్లా నిప్పులు చిమ్మడం మీరు సినిమాల్లో చూసే ఉంటారు. చాలామంది అవే ఇంజన్‌ని వెలిగిస్తాయనుకుంటారు. కాదు. ఇంజన్ లేచే ముందు నాజిల్ కింద హైడ్రోజన్ పేరుకోకుండా కాల్చెయ్యడానికి పెట్టినవి అవి. అసలు నిప్పు లోపల, ఎవరికీ కనపడని చోట.

ఎత్తుకి పోయేకొద్దీ కరెంటు కూడా మాట వినదు. పీడనం తగ్గేకొద్దీ రవ్వ దూకడం మొదట తేలికవుతుంది, ఒక హద్దు దాటాక మళ్లీ కష్టమవుతుంది. ఈ లెక్క 1889లోనే జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ చెప్పాడు. అంటే పలచటి గాలిలో కరెంటు ప్లగ్గు మొన దగ్గర దూకాల్సింది పోయి, తీగ అతుకుల దగ్గర ఎక్కడ సందు దొరికితే అక్కడ జారిపోవచ్చు. పూర్తి శూన్యంలో అసలు దూకనే దూకకపోవచ్చు. అందుకే తీగల్ని గాలి చొరకుండా మూస్తారు, ప్లగ్గు దగ్గరికి ముందు కాస్త వాయువు పంపుతారు.

ఇంత చేసినా దెబ్బ ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేం. 1968 ఏప్రిల్ 4న మనుషులు లేకుండా అపోలో-6 లేచింది. రెండో దశలో ఐదు జే-2 ఇంజన్లు. మండుతుండగానే ఒకటి ఆగిపోయింది. దాని వాల్వు మూయాల్సిన ఆజ్ఞ, తీగలు తారుమారై పక్కదానికి పోయింది. బాగున్నదీ ఆగింది. ఆ పైన మూడో దశ ఇంజన్ రెండోసారి వెలగనేలేదు. వెతగ్గా దొరికిన దోషి, దివిటీకి హైడ్రోజన్ తెచ్చే సన్నగొట్టం. అందులో వంగడానికి వీలుగా పెట్టిన ముడతల భాగం ప్రకంపనలకి చిరిగిపోయింది. మరి నేలమీద అన్ని పరీక్షలు చేశారు కదా, అప్పుడెందుకు చిరగలేదు? ఆ గొట్టం ఎంత చల్లన అంటే, నేలమీద చుట్టూ ఉన్న గాలే దాని మీద చల్లబడి, ద్రవమై పట్టుకునేది. ఆ పొర మెత్తటి గుడ్డలా ప్రకంపనల్ని అణిచేది. పైన శూన్యంలో గాలి లేదు, ఆ పొరా లేదు. శూన్యపు గదిలో పెట్టి పరీక్షిస్తే గొట్టాలు వరుసగా చిరిగాయి. ముడతలు తీసేసి, వంపులు తిప్పిన మామూలు గొట్టం పెట్టారు. డిసెంబరులో అదే జాతి రాకెట్ మీద ముగ్గురు మనుషులు చంద్రుడి దాకా వెళ్లొచ్చారు.

ఈ కథ నేను క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీవాళ్లు కూడా తలెత్తేవాళ్లు. పరీక్షలో గెలిపించింది గాలి అని ఎవరనుకుంటారు!

మన కథా ఇలాంటిదే. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ-డీ3 లేచింది, మనం సొంతంగా చేసుకున్న మొదటి క్రయోజనిక్ దశతో, అంటే అతిచల్లని ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మండించే దశతో. కూలిపోయింది. వెలగలేదు అని ఊళ్లో అందరూ అనేశారు. తర్వాత లెక్కలు చూస్తే, వెలిగింది! ఇంజన్‌కి నిప్పు అంటుకున్నట్టు ఖాయమైంది. నిమిషానికి 34,800 చుట్లు తిరిగే హైడ్రోజన్ బూస్టర్ పంపు, దశ మొదలైన 0.9 సెకన్లకే మందగించి, ఇంకో 0.6 సెకన్లలో ఆగిపోయింది. మంట ఉంది, దానికి తిండి లేదు. పొయ్యి వెలిగించగానే సిలిండర్ అయిపోయినట్టు.

2014 జనవరి 5న డీ5 ఆ దశతోనే గెలిచింది. మళ్లీ 2021 ఆగస్టు 12 తెల్లవారుజామున ఎఫ్10 పోయింది. ఈసారి హైడ్రోజన్ ట్యాంకులో ఉండాల్సిన పీడనం లేదు. ఒక వాల్వు సీలు దెబ్బతిని వాయువు జారిపోయింది. పీడనం చాలక బూస్టర్ పంపు సరిగా తిరగలేదు, కంప్యూటర్ ఆపెయ్యమంది. డీ3, ఎఫ్10 రెండిట్లోనూ రవ్వ తప్పు లేదు. వెలగలేదు అనే మాట వినగానే జనం నిప్పు వైపు చూస్తారు. లోపలివాళ్లు గొట్టాల వైపు చూస్తారు.

సరే, వెలిగింది, తిండీ అందుతోంది. అప్పుడైనా నిశ్చింతేనా? మంట పాడటం మొదలుపెడితే ప్రమాదం. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఎలా మోగుతుందో, దహన గదీ అలాగే మోగుతుంది. పీడనం కాస్త పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఉయ్యాలని సరిగ్గా వెనక్కొచ్చిన క్షణంలో తోసినట్టు ఊపు మీద ఊపు. సెకనుకి వేల ఊపులు. లోహపు గోడలు సెకనులోపే చీలిపోతాయి.

అపోలో మొదటి దశలోని ఎఫ్-1 సెకనుకి రెండున్నర టన్నులకు పైగా తాగే ఇంజన్. ఇంజెక్టర్‌లో కిరసనాయిలుకి 3,700 రంధ్రాలు, ఆక్సిజన్‌కి 2,600. 1962 జూన్‌లో ఇలా మోగి పరీక్షలోనే ముక్కలైంది. ఎందుకు మోగుతుందో లెక్కగట్టి చెప్పే సిద్ధాంతం అప్పుడు లేదు. కాబట్టి వాళ్లు మొండికి తిరిగారు. మండుతున్న ఇంజన్‌లో కావాలనే చిన్న బాంబు పేల్చేవారు. ఆ కుదుపు నుంచి మంట తనంతట తాను సర్దుకుంటుందా, పాడటం మొదలెడుతుందా? ఇంజెక్టర్ ముఖాన్ని రాగి అడ్డుగోడలతో 13 అరలు చేసి, రంధ్రాల కొలతలు మార్చి మార్చి, చివరికి బాంబు పేలినా సెకనులో పదో వంతులో మంట సద్దుమణిగేలా చేశారు. శాస్త్రం ముందు, యంత్రం తర్వాత అని పిల్లలకి చెబుతూ వచ్చినవాణ్ణి, ఈ ఒక్కచోట నోరు మూసుకున్నాను.

మన వికాస్‌కి పెద్దలైన ఫ్రెంచివాళ్ల వైకింగ్ ఇంజన్‌కీ ఈ జబ్బు వచ్చింది. 1980 మే 23న ఏరియాన్ రాకెట్ రెండో ప్రయోగం అందువల్లే పోయింది. తర్వాత వాళ్లు ఇంజెక్టర్‌ని సరిచేశారు, ఇంధనాన్నీ మార్చారు. ఆ మార్చిన ఇంధనమే యూహెచ్-25. శ్రీహరికోటలో ట్యాంకుల్లోకి పోసేదీ ఆ కూర్పే.

ఇక పిల్లాడి ప్రశ్న. జీఎస్‌ఎల్‌వీ నేల విడిచే ముందు ఏం జరుగుతుందో చెబుతాను. లెక్క సున్నాకి రావడానికి 4.8 సెకన్ల ముందే నాలుగు స్ట్రాపాన్ల వాల్వులు తెరుచుకుంటాయి, వాటిలో మంట లేస్తుంది. నడుమనున్న గట్టి ఇంధనపు దశని మాత్రం ముట్టించరు. అది అంటుకుంటే ఆపలేం. ద్రవ ఇంజన్లని ఆపొచ్చు. ఆ నాలుగైదు సెకన్లు కంప్యూటర్ నాలుగు మంటల్నీ కొలుస్తుంది. 2001 మార్చి 28న మొట్టమొదటి జీఎస్‌ఎల్‌వీ ఇలాగే నిలబడింది. ఒక స్ట్రాపాన్‌లో తోపు చాలలేదు. ఒక సెకను ఉందనగా కంప్యూటర్ అన్నీ ఆర్పేసింది. రాకెట్ వేదిక మీదే పొగలో నిలబడి ఉంది. బాగుచేసి ఏప్రిల్ 18న అదే రాకెట్‌ని ఎగరేశారు.

కాబట్టి, బాబూ, అగ్గిపుల్ల గీసేవాడు లేడు గాని, నాబ్ మీద చెయ్యేసి మంట వంక చూస్తూ నిలబడేవాడు ఒకడున్నాడు.

ఈసారి జీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు మా వీధివాళ్లు ఎప్పట్లాగే మోత తగ్గగానే కిందికి దిగిపోతారు. నేను సెల్‌ఫోన్‌లో ప్రసారం పెట్టుకుని మేడ మీదే ఉంటాను. ఐదు నిమిషాలు కావస్తుండగా, ఆకాశంలో చూడ్డానికి ఏమీ మిగలకపోయాక, క్రయో దశ వెలిగిందని ఒక మాట వినిపిస్తుంది. అప్పుడూ దిగను. ఇంకో రెండు సెకన్లు లెక్కపెట్టుకుంటాను.